శనివారం రెండు గంటల చీకటి

“నీ మనిషిని ఇవాళ మధ్యాహ్నం చంపుతారు,” అన్నాడు ప్రాట్, రేపు మంచు పడుతుందని చెప్పినంత మామూలుగా.

మినియాపొలిస్ విమానాశ్రయంలో పబ్లిక్ ఫోన్ పట్టుకుని నిలబడ్డ లోరెన్ హాగెన్ గోడ గడియారం వైపు చూశాడు. పదకొండుంబావు.

“ఎక్కడ?”

“కాలేజి ప్లానెటేరియంలో. రెండు గంటల షో. తోకచుక్క షో.”

“ఎవరు?”

“కోకిల.”

లోరెన్‌కి ఆ పేరు బాగా తెలుసు. కోకిల పేరుతో వాళ్ళ గూఢచారి ఏజెన్సీలో ఒక లావుపాటి ఫైలుంది. అందులో ఐదు శవాల ఫొటోలున్నాయి గానీ కోకిల ఫొటో లేదు. ఆడో మగో, ముసలో పడుచో ఎవరికీ తెలీదు.

“షో ఆపించండి సార్.”

“ఆపితే పిట్ట ఎగిరిపోతుంది. మళ్ళీ ఎప్పుడు ఏ కొమ్మ మీద వాలుతుందో మనకి తెలీదు. ఇవాళైతే టైము తెలుసు, చోటు తెలుసు. పైగా పొద్దున్నే నీ ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాను. ఆరేళ్ళలో ఒక్క షో మానలేదు, ఇదీ మాననన్నాడు. మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశాడయ్యా, నా మొహం మీద!”

“ఈ కబురు ఎవరిచ్చారు?”

“ఇలోనా.”

“ఆవిడ ఇవాళ ఎవరి పక్షం?”

“శనివారం కదా, మన పక్షమే అనుకుంటా,” అన్నాడు ప్రాట్. “అక్కడే ఉంటుంది. ‘శనిగ్రహం ఇవాళ కనపడుతుందా’ అని అడుగుతుంది. నువ్వు ‘నాకు గురుడే ఇష్టం’ అనాలి. నీకు సాయంగా ఇద్దర్ని కార్లో పంపుతున్నాను. ఉంటాను.”

లోరెన్ ఫోన్‌ని కొక్కేనికి విసిరికొట్టాడు. ఒళ్ళు మండిపోతోంది. కోపం ప్రాట్ మీద కాదు, తన మీదే.

ఆరేళ్ళ కింద ఎమిల్ హ్రాబెక్‌ని ఇనుప తెర అవతల నుంచి, బంగాళాదుంపల లారీలో బస్తాల కింద పడుకోబెట్టి దాటించింది లోరెనే. ఎక్కడ దాచాలని ఏజెన్సీ తర్జనభర్జన పడుతుంటే, “మా ఊరి పక్క కాలేజిలో పెట్టండి. అక్కడ ఏమీ జరగదు. పుట్టి బుద్ధెరిగాక నేనైతే ఏమీ జరగ్గా చూళ్ళేదు,” అన్నదీ లోరెనే. అలా హ్రాబెక్ కాస్తా ప్రొఫెసర్ ఎడ్విన్ క్వామ్ అయ్యాడు. ఆయన యాస విని ఊరివాళ్ళు నార్వే నుంచి నేరుగా దిగాడనుకున్నారు. వచ్చే నెల వాషింగ్టన్‌లో ఒక రహస్య కమిటీ ముందు ఆయన పదకొండు పేర్లు చెప్పాలి. అమెరికాలో తిష్ఠ వేసిన శత్రు ముఠా అంతా ఆ పదకొండు పేర్లలో ఉంది. ఏమీ జరగదని లోరెన్ మాటిచ్చిన చోటికే ఇప్పుడు చావు నడిచొస్తోంది.

అద్దె కారు సగం దారిలో పెట్రోలు బంకు దగ్గర మొరాయించింది. బయట సున్నాకి ఇరవై ఐదు డిగ్రీల కింద ఉంది చలి. బంకువాడు బ్యాటరీకి తీగలు తగిలించి, నంబరు ప్లేటు చూసి, “చికాగో కారా? అందుకే,” అని జాలిపడ్డాడు. ఈలోపల మారువేషాల సెక్షన్ వాళ్ళు కట్టిచ్చిన సూట్‌కేసు తెరిచి చూశాడు లోరెన్. మినెసోటా రైతు వేషం, అందులో గడ్డి టోపీ! జనవరి నెలలో, మోకాళ్ళ లోతు మంచులో గడ్డి టోపీ! వాషింగ్టన్‌లో హీటర్ పక్కన కూర్చుని ప్లాన్లు వేసేవాళ్ళని ఒక్కరోజు ఇక్కడ పొలంలో నిలబెట్టాలనిపించింది. టోపీని వెనక సీట్లోకి గిరాటేసి, జేబులో ఉన్న రెండో కార్డుతోనే సరిపెట్టుకున్నాడు. హెర్బర్ట్ బెల్, చికాగో, వాక్యూమ్ క్లీనర్ల అమ్మకాలు.

హాల్వార్డ్ కాలేజికి చేరేసరికి ఒంటిగంటా ముప్ఫై ఐదు. సైన్సు బిల్డింగ్ నేలమాళిగలో ఉంది ప్లానెటేరియం. మెట్ల దాకా జనం. శతాబ్దానికే గొప్ప తోకచుక్క వస్తోందని పేపర్లన్నీ డప్పు కొట్టాయి. తీరా ఆకాశంలో చూస్తే ఏదో మసక తప్ప ఏమీ లేదు. బయట దొరకనిది లోపలైనా చూద్దామని వచ్చిన వాళ్ళే అందరూ, పిల్లాపాపల్తో సహా.

కొత్త తివాచీ పాడవుతుందని అందరి బూట్లూ హాల్లోనే విప్పించి వరసగా పెట్టించారు. లోరెన్ బూట్లు విప్పి చూసుకుంటే ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. తలుపు దగ్గర ఒక బల్ల, బల్ల మీద ఒక బుట్ట, బుట్ట వెనక డెబ్భై ఏళ్ళ ఆవిడ. చొక్కా మీద గుచ్చుకున్న కాగితంలో ‘వెర్నా సుండ్బీ, వాలంటీర్’ అని ఉంది.

“టికెట్టు?” అంది వెర్నా.

“ఉచితం అన్నారు కదమ్మా?”

“ఉచితమే. అయినా టికెట్టుండాలి. అరవై రెండు కుర్చీలు, అరవై రెండు టికెట్లు. అయిపోయాయి. ఫిబ్రవరి రెండో శనివారం రా.”

“చాలా దూరం నుంచి వచ్చానమ్మా. చికాగో నుంచి. నా పేరు హెర్బర్ట్ బెల్...”

వెర్నా కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసింది.

“బెల్ ఏమిటి నాయనా? నువ్వు ఆర్నాల్డ్ హాగెన్ రెండోవాడివి కదూ? ఆ ముక్కు మీ అమ్మదే. ఆదివారం బడిలో నీకు చదువు చెప్పింది నేనేగా! నోవా పడవ బొమ్మలో జంతువుకో జత ఎక్కించమంటే ఆవుల్ని మూడు జతలు ఎక్కించావు. మర్చిపోయావా?”

వెనక క్యూలో నలుగురు నవ్వారు. నాలుగు దేశాల పోలీసుల్ని బురిడీ కొట్టించిన లోరెన్ మారువేషం నలభై సెకన్లు కూడా నిలవలేదు. ఏమనాలో తెలియక ముక్కు తడుముకున్నాడు.

“శనిగ్రహం ఇవాళ కనపడుతుందంటారా?”

వెనక నుంచి వచ్చిన ఆ గొంతుని లోరెన్ వియన్నాలో విన్నాడు, ఇస్తాంబుల్‌లో విన్నాడు. తిరిగి చూస్తే ఇలోనా. జనమంతా దూది కోట్లలో మూటల్లా ఉంటే, ఈవిడ ఒక్కతే నల్లటి మింక్ బొచ్చు కోటులో, ఎర్రటి పెదాలతో నిలబడింది. నోరు తెరిచి ‘నాకు గురుడే’ అనబోయాడు లోరెన్.

“ఎందుకు కనపడదమ్మా? చీకటి పడగానే తూర్పున పైకొచ్చేసి ఉంటుంది,” అంటూ మధ్యలో దూరాడు పక్కనున్నాయన. యాభై ఏళ్ళుంటాయి. చెవులు కప్పే టోపీ, విత్తనాల కంపెనీ కోటు, ఎర్రటి బుగ్గలు. “నా పేరు డేల్. ఉత్తరాన, సరస్సుల దగ్గర్నుంచి వచ్చాను. మీకిక్కడ ఇరవై ఐదేనటగా? మాకు నిన్న ముప్ఫై ఎనిమిది. తలుపు గడియ చేతికి అంటుకుపోయిందంటే నమ్ముతారా?”

“గాలి ఉందా?” అనడిగాడు వెనకున్న ముసలి రైతు, పట్టు వదలకుండా.

“గాలి లేకపోతే అదేం చలి?”

ఇద్దరూ సంబరపడిపోయారు. లోరెన్‌కి చిర్రెత్తుకొచ్చింది. చలిలో కూడా పోటీలేమిటి వీళ్ళకి! కోడ్ మాట కాస్తా వాతావరణ సూచన అయిపోయింది. ఇలోనా మాత్రం చెక్కు చెదరకుండా అతని చెయ్యి పట్టుకుంది.

“మా ఆయనకి కూడా టికెట్టు తీశానండీ,” అంది వెర్నాతో, రెండు టికెట్లు చూపించి.

“పెళ్ళయిందా!” అని వెర్నా రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. “మీ అమ్మ ఒక్క మాటైనా చెప్పలేదే!”

“అదీ... అమ్మకి ఇంకా...” అని లోరెన్ నసిగాడు. ఆ తరవాత ఏం చెప్పినా ఇంకా లోతుకి దిగబడటమే.

“సరే, వెలుగొచ్చేవి ఏమున్నా బుట్టలో పెట్టు నాయనా. లోపల వెలుగు కనబడకూడదు. నిప్పురవ్వంత కనబడినా సరే, ప్రొఫెసర్ గారు షో ఆపేసి సూర్యుణ్ణి తెప్పించేస్తారు. తెల్లారిపోతుంది. ఆరేళ్ళలో రెండేసార్లు తెల్లారింది. ఒకసారి ఎవరో టార్చి వేశారు, ఒకసారి మన కాలేజి ప్రెసిడెంటు గారే చుట్ట ముట్టించారు. ఆయన్ని ఇప్పటిదాకా లోపలికి రానివ్వలేదు.”

లైటరు బుట్టలో పడింది. అది లైటరు కాదు, రేడియో. చీకట్లో చూపించే కళ్ళద్దాలు పడ్డాయి. అంకెలు మెరిసే వాచీ కూడా విప్పించింది. ఏజెన్సీ లక్ష డాలర్ల సరంజామా అంతా ఒక ముసలమ్మ అల్లికల బుట్టలో చేరింది. కోటు లోపల పిస్తోలు ఒక్కటే మిగిలింది. పిల్లలతో నిండిన చీకటి గదిలో అదుంటే ఎంత, లేకపోతే ఎంత? అయితే వెర్నా ఇలోనా మింక్ కోటు జేబులు మాత్రం అడగలేదు. అంత ఖరీదైన కోటుని తడమడానికి ఆవిడకి మొహమాటం అడ్డొచ్చింది.

హాలు మూల కాఫీ, పక్కన వెర్నా చేసిన ఖర్జూరం కేకు. పొద్దుట్నుంచి లోరెన్ కడుపులో ఏమీ పడలేదు. కానీ పళ్ళెంలో ఒక్క ముక్కే మిగిలి ఉంది. ఒక టీచరమ్మ చాకుతో దాన్ని సగం కోసి, సగం తీసుకుని, సగం వదిలేసింది. ముసలి రైతు వచ్చి ఆ సగాన్ని మళ్ళీ సగం కోశాడు. మిగిలిన పావు ముక్కలో సగం తనకి దక్కుతుందని లోరెన్ చాకు అందుకోబోయాడు. ఈలోపల డేల్ వచ్చి, ఆ పావు ముక్కని రెండు వేళ్ళతో తీసి నోట్లో వేసుకుని, “అబ్బ, మా అమ్మ చేసినట్టే ఉంది!” అంటూ వెళ్ళిపోయాడు.

ఖాళీ పళ్ళెం చూస్తే లోరెన్‌కి ఎందుకో ఒళ్ళు జలదరించింది. ఆకలి అనుకున్నాడు. వెధవ రోజు, అన్నీ ఇలాగే ఏడుస్తాయి అనుకున్నాడు.

“రెండున్నరకి తోకచుక్క వస్తుంది,” అంది ఇలోనా చెవిలో. “మ్యూజిక్ పెంచుతారు, అందరూ పైకి చూస్తారు. అప్పుడే. అంతకు మించి నాకు తెలీదు.”

“కోకిల ఎవరో తెలీదా?”

“తెలీదు.”

“వియన్నాలో కూడా తెలీదనే అన్నావు. తెల్లారేసరికి నేను జైల్లో ఉన్నాను.”

“ఇస్తాంబుల్‌లో తెలుసన్నాను. నువ్వు బతికావు. అది గుర్తురాదేం?”

లోరెన్‌కి కోకిల ఫైలు గుర్తొచ్చింది. ఫైల్లో ఫొటో లేని మనిషి. ఆడో మగో తెలీదు. ఆ మింక్ కోటు జేబులో ఏముందో కూడా తెలీదు. షో అయ్యేదాకా ఈవిడ చేతుల మీంచి దృష్టి తిప్పకూడదని నిశ్చయించుకున్నాడు.

రెండుకి పది నిమిషాలుండగా ప్రొఫెసర్ దగ్గరికి పరిగెత్తాడు. గుండ్రటి గది, తెల్లటి గుమ్మటం. గుమ్మటం అంచు చుట్టూ ఆ ఊరి నీళ్ళ ట్యాంకు, ధాన్యం గిడ్డంగి, చర్చి గోపురం నల్లటి అట్టతో కత్తిరించి అతికించారు. మధ్యలో ఒంటినిండా చిల్లులున్న నల్లటి గుండు, అదే నక్షత్రాల యంత్రం. దాని పక్కన మీటల బల్ల, బల్లకి చిన్న ఎర్ర దీపం. ఆ దీపం వెలుగు సరిగ్గా ప్రొఫెసర్ గుండెల మీద పడుతోంది. గురి చూసుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

“మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ దీపమైనా తీసేయండి,” అన్నాడు లోరెన్.

“దీపం లేకపోతే మీటలెలా కనబడతాయి?”

“ప్రాణం మీదికొచ్చిందండీ!”

“తెలుసు. పొద్దున మీ పెద్దాయన చెప్పాడు.” ప్రొఫెసర్ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. సన్నటి మనిషి, మోచేతుల దగ్గర అతుకులేసిన కోటు. “చూడు లోరెన్, నేను మా దేశం వదిలి పారిపోయాను. పేరు వదిలి పారిపోయాను. ఇక్కడ నెలకి ఒక్క గంట, ఈ పిల్లలకి ఆకాశం చూపించే గంట, నేను ఎవరి నుంచీ పారిపోవడం లేదు. ఇది కూడా వదిలేస్తే నువ్వు కాపాడాల్సింది ఇంకేం మిగిలింది?”

“నేనే మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చాను.”

“అవును. ఏమీ జరగదన్నావు. కాబట్టి ఏమీ జరక్కుండా చూడు. నీ పని నువ్వు చెయ్యి, నా పని నేను చేస్తాను.”

మనిషే ఇంత మొండిగా ఉంటే ఎలా కాపాడేది! లోరెన్ పళ్ళు నూరుకుంటూ వచ్చి ఇలోనా పక్కన కూర్చున్నాడు. వెర్నా అందరికీ తలా ఒక నక్షత్ర పటం పంచింది. మనిషి మనిషీ దాన్ని చుట్ట చుట్టి చేతిలో పట్టుకున్నారు. సరిగ్గా రెండింటికి తలుపు మూసి గడియ వేసింది. షో అయ్యేదాకా ఎవరూ రారు, ఎవరూ పోరు. ప్రాట్ పంపిన ఇద్దరి జాడే లేదు.

“శుభ సాయంత్రం,” అన్నాడు ప్రొఫెసర్. గుమ్మటం అంచున సూర్యుడు దిగాడు. నీళ్ళ ట్యాంకు నల్లబడింది. కాసేపటికి కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. అందులోంచి ఒక్కసారిగా వేల చుక్కలు. పిల్లలు “ఓ...” అన్నారు. పంతొమ్మిదేళ్ళ కింద ఆ ఊరి పొలాల్లో వెల్లకిలా పడుకుని ఆ చుక్కలే చూసిన లోరెన్ ఇప్పుడు తలెత్తలేదు. వంచిన తల వంచినట్టే, పక్క కుర్చీలోని రెండు తెల్లటి చేతుల్ని కనిపెట్టి కూర్చున్నాడు. కాసేపటికి ఆ చేతులు కూడా చీకట్లో కలిసిపోయాయి. ఇక ఊపిరి చప్పుడు వింటూ కూర్చోవడం తప్ప చేసేదేం లేదు. వాచీ లేదు, ఎంతయిందో తెలీదు. బంధించిన ఎలుకలా ఉంది ప్రాణం.

“ఇక మనల్ని అందర్నీ నిరాశపరిచిన తోకచుక్క సంగతి,” అన్నాడు ప్రొఫెసర్. జనం నవ్వారు. “తోకచుక్కంటే పెద్ద మురికి మంచుగడ్డ. సూర్యుడి దగ్గరికి వచ్చి వెళ్ళినప్పుడల్లా కాస్త కరుగుతుంది. సగం పోయిందనుకోండి. మళ్ళీ వస్తుంది, ఆ మిగిలిన సగంలో సగం పోతుంది. మళ్ళీ వస్తుంది, అందులో సగం. అయిపోతుందనుకుంటాం గానీ అయిపోదు, మన వెర్నా గారి పళ్ళెంలో ఆఖరి ముక్కలాగా!”

గదంతా గొల్లుమంది. చీకట్లో వెర్నా కూడా నవ్వింది.

లోరెన్ నవ్వలేదు.

ఆఖరి ముక్క. ఇక్కడ పుట్టినవాడెవడూ ఆఖరి ముక్క తినడు. సగం కోస్తాడు, సగంలో సగం కోస్తాడు, చివరికి కాకి కూడా పట్టించుకోనంత మిగిల్చి పోతాడు గానీ పళ్ళెం ఖాళీ చెయ్యడు. చిన్నప్పుడు ఒక్కసారి ఆ పని చేస్తే, ఇంటికెళ్ళేదాకా వాళ్ళమ్మ మాట్లాడలేదు. ఇందాక ఖాళీ పళ్ళెం చూసి ఒళ్ళు జలదరించింది ఆకలికి కాదు. పుట్టి పెరిగిన ఊరు లోపల్నుంచి కేక పెట్టింది, తనే వినిపించుకోలేదు. చలి లెక్క సరిగ్గా చెప్పాడు. యాస సరిగ్గా పలికాడు. గాలి సంగతి కూడా తెలుసు. కానీ ఆ ముక్క తినేశాడు.

డేల్!

ఎక్కడ కూర్చున్నాడు? చీకట్లో అరవై రెండు తలలు. “కింద పడుకోండి” అని అరిస్తే ఆ అరుపుకే వాడు పేలుస్తాడు. లేచి వెతుకుదామంటే మోకాళ్ళ వరస. ఒక్కొక్కరూ “క్షమించండి, క్షమించండి” అంటూ లేచి దారిస్తారు, ఆ మర్యాదలు అయ్యేసరికి ప్రొఫెసర్ ఉండడు. వెలుగు కావాలి. వెలుగు చూపించేవన్నీ ఆ ముసలమ్మ బుట్టలో ఉన్నాయి! తల గోడకి కొట్టుకోవాలనిపించింది లోరెన్‌కి.

“అదిగో, వస్తోంది,” అన్నాడు ప్రొఫెసర్. మ్యూజిక్ మొదలైంది.

ఒక్కటే దారి. అరగంట నుంచీ ఎవరి చేతుల్ని అనుమానిస్తూ కూర్చున్నాడో ఆ చేతుల్నే అడగాలి.

“ఇలోనా, నీ దగ్గర లైటరుందా?”

“ఉంటే?”

“తెల్లారాలి. ఇప్పుడే.”

ఆవిడ కోకిల మనిషే అయితే ఇక్కడితో అంతా సరి. మ్యూజిక్ పెరిగింది. గుమ్మటం మీద పొడుగాటి తోకతో తోకచుక్క విచ్చుకుంది. అరవై తలలూ పైకి లేచాయి.

టక్కున శబ్దం. ఇలోనా పెదాల మధ్య సిగరెట్టు, దాని ముందు ఇంత మంట!

“ఎవరది!” అని గర్జించాడు ప్రొఫెసర్. మీటని ఒక్క గుద్దు గుద్ది, ఎర్ర దీపం వదిలేసి, మంట వైపు రెండంగలు వేశాడు. ఆయన నిలబడ్డ చోటు మీదుగా ఏదో సన్నగా ఈల వేసుకుంటూ పోయింది. గుమ్మటానికి నాలుగు పక్కలా ఎర్రగా తెల్లారింది.

ఆ వెలుగులో లోరెన్ చూశాడు. ఎదుటి వరసలో, తోకచుక్క వైపు చూడని మొహం ఒక్కటే. చుట్ట చుట్టిన నక్షత్ర పటం నోటి దగ్గర పెట్టుకున్న డేల్. పటం లోపల ఇనుప గొట్టం. రెండో విషపు సూది ఎక్కిస్తున్నాడు.

లోరెన్ కుర్చీల మీంచే దూకాడు. చిల్లు మేజోడుతో ఒక పెద్దాయన భుజం తొక్కాడు, ఒక టీచరమ్మ ఒళ్ళో పడ్డాడు, లేచాడు. గొట్టం ప్రొఫెసర్ వైపు తిరిగింది. డేల్ బుగ్గలు ఉబ్బాయి. లోరెన్ చెయ్యి గొట్టం కొసని తాకింది. సూది ప్రొఫెసర్ చెవి పక్కనుంచి పోయి అట్ట నీళ్ళ ట్యాంకులో దిగింది. మరుక్షణం ఇద్దరూ తివాచీ మీద దొర్లారు. ముసలి రైతు నింపాదిగా లేచి వచ్చి, దూడని పట్టినట్టు డేల్ కాళ్ళు రెండూ ఒడిసి పట్టుకున్నాడు.

“సాయం కావాలా?” అనడిగాడు, పట్టుకున్నాక.

ప్రొఫెసర్ ఇదేమీ చూడలేదు. ఇలోనా మొహం ముందు వేలు ఆడిస్తూ కోపంతో ఊగిపోతున్నాడు.

“నా ఆకాశంలో సిగరెట్టా! ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకండి! జీవితంలో!”

“అలాగేనండీ,” అంది ఇలోనా, సిగరెట్టుని లైటరు మూతకి నొక్కి ఆర్పి.

హాల్లో బూట్ల వరస పక్కన సంకెళ్ళతో కూర్చున్నాక కోకిల అడిగినది ఒకటే మాట.

“ఎక్కడ తప్పు చేశాను? మూడేళ్ళు నేర్చుకున్నాను. మంచుకి బెజ్జం పెట్టి చేపలు పట్టడం కూడా వచ్చు నాకు.”

“కేకు,” అన్నాడు లోరెన్.

“ఒక్క ముక్క మిగిలింది. ఎవరూ తినడం లేదు. ఇంక పారేస్తారనుకున్నాను,” అన్నాడు కోకిల, ఎర్ర బుగ్గలు పాలిపోయి. “మా ఊళ్ళో యుద్ధం రోజుల్లో మేం చెట్ల బెరడు ఉడకబెట్టుకు తిన్నాం. తిండి పారెయ్యడం నేను చూడలేను.”

ఐదుగుర్ని చంపినవాడి మీద జాలేమిటని లోరెన్ తన్ను తానే తిట్టుకున్నాడు. జాలి మాత్రం పోలేదు.

అప్పుడు దిగారు ప్రాట్ పంపిన ఇద్దరూ, నడుము దాకా మంచు పూసుకుని. కారు గోతిలో పడిందట. వాళ్ళు కోకిలని తీసుకుపోతుంటే లోపల్నుంచి ప్రొఫెసర్ గొంతు వినిపించింది. “ఎక్కడ ఆపాం? ఆ, తోకచుక్క.” మళ్ళీ చీకటి చేసి, ఆ సంగతంతా మొదట్నుంచి చెప్పాడు. లోరెన్‌ని మళ్ళీ లోపలికి రానివ్వలేదు వెర్నా. తలుపు మూశాక ఎవరైనా ఒకటేనట. శతాబ్దానికే గొప్ప తోకచుక్కని అతను ఆకాశంలోనూ చూళ్ళేదు, గుమ్మటం మీదా చూళ్ళేదు.

తలుపు పక్కన గోడకి ఆనుకుని లోపలి గొంతు వింటూ నిలబడ్డాడు. పిల్లలేదో అడుగుతున్నారు, ప్రొఫెసర్ చెబుతున్నాడు. ఆ గొంతు వినబడుతున్నంతసేపూ లోరెన్‌కి గుండెలో ముడులు ఒక్కొక్కటే విడిపోయాయి.

షో వదిలాక జనం బూట్లు తొడుక్కుంటూ, “బాగానే ఉంది. కాస్త కొత్తగా ఉంది,” అనుకుంటూ వెళ్ళారు. ముసలి రైతు లోరెన్ భుజం తట్టి, మీ నాన్నని అడిగానని చెప్పమన్నాడు. సూదుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎదుటివాడికి ఇబ్బందిగా ఉంటుందని వాళ్ళ భయం.

వెర్నా రెండో పళ్ళెం పెట్టింది. అది కూడా అయిపోయి ఒక్క ముక్క మిగిలింది. ఇలోనా చాకు తీసుకుని దాన్ని సరిగ్గా సగం కోసి, సగం వదిలేసింది.

“ఎక్కడ నేర్చుకున్నావు?” అన్నాడు లోరెన్.

“ఇందాక మీ ఊరివాళ్ళని చూసి. ఇప్పుడైనా నమ్ముతావా?”

“ఇవాళ్టికి నమ్ముతాను. శనివారమేగా.” మిగిలిన సగాన్ని అతను సగం కోశాడు. పొద్దుట్నుంచి నకనకలాడుతున్న కడుపుకి అది ఏ మూలకీ రాలేదు. పళ్ళెంలో పావు ముక్క మిగిలింది. నాలుగు పాస్‌పోర్టులున్న మనిషీ, ఐదు దేశాల పోలీసులు వెతుకుతున్న మనిషీ దాని వైపు చూస్తూ కూర్చున్నారు. చెయ్యి చాచే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

వెర్నా ఆ ముక్కని కాగితంలో చుట్టి, లైటరూ కళ్ళద్దాలూ వాచీతో పాటు లోరెన్ చేతిలో పెట్టింది.

“దార్లో తిను. పెళ్ళి సంగతి మీ అమ్మకి నువ్వు చెప్పక్కర్లేదులే నాయనా. ఇందాకే ఫోన్ చేసేశాను. భోజనానికి ఎదురు చూస్తున్నారు, మీ ఇద్దరి కోసం.”

కోకిలని ఆపినవాడు ఆ ఫోన్‌ని మాత్రం ఆపలేకపోయాడు.